గంగారాం సూపు గురించి మాట్లాడలేదు

ఒక మనిషి పిరికివాడని రష్యాలో చాలామంది నమ్ముతున్నారు. ఆ మనిషి పిరికివాడు కాడు. ఈ సంగతి తెలిసినవాణ్ణి నిన్నమొన్నటిదాకా నేనొక్కణ్ణే. తెలిసి ఇన్నేళ్ళూ నోరు మూసుకుని ఉన్నాను. నోరు తెరవడమే నా ఉద్యోగం కాబట్టి దీన్ని విశేషమనే చెప్పాలి.

బరువు అని రాయబోయి ఆగాను. బరువైతే భుజం మార్చుకోవచ్చు. ఇది గొంతులో ఉండిపోయింది. అన్నం దిగుతుంది, నీళ్ళు దిగుతాయి, జోకులు బాగానే పైకి వస్తాయి. ఇదొక్కటే పైకీ రాదు, కిందికీ పోదు.

మీకే ఎందుకు చెప్పడం? మీరు నన్ను ఎరగరు. ఎదురుగా కూర్చుని నా మొహం చూడరు. ఒప్పుకునేవాడికి ఇంతకంటే సౌకర్యం ఏం కావాలి? సౌకర్యం చూసుకుని ఒప్పుకునేది అసలు ఒప్పుకోవడమేనా? ఏమో. మొదలుపెట్టాక తెలుస్తుంది.

నాది కాకినాడ. ఇంజనీరింగు చదవడానికి రష్యా వెళ్ళాను. అక్కడ రష్యన్ వచ్చింది. ఇంజనీరింగు కూడా కొంత వచ్చిందనే సర్టిఫికెట్టులో రాశారు. ఆ రష్యనైనా తరగతి గదిలో వచ్చింది కాదు, హాస్టల్ టీవీలో లారిసా గారు నేర్పింది.

లారిసా గారంటే ఆ దేశంలో అప్పట్లో తెలియని ఇల్లు లేదు. ప్రతి ఆదివారం ఆవిడ నడిపే వంటల పోటీ వచ్చేది. జనం ఇళ్ళ నుంచి సూపు కాచి తెచ్చేవారు. ఆవిడ ఒక చెంచా నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, ఆ చెంచాని మెల్లిగా కింద పెట్టారంటే ఆ మనిషి ఇంటికి వెళ్ళిపోవలసిందే. తిట్టేవారు కాదు, నవ్వేవారు కాదు. చెంచా కింద పెట్టేవారు, అంతే. నేను ఆ కార్యక్రమం ఎంత శ్రద్ధగా చూశానంటే, నా రష్యన్ వాక్యాల్లో సగానికి ఇప్పటికీ ఉప్పు తక్కువైందనే అర్థం వస్తుంది.

నేను చదువు ముగించే ఏడు, లైవ్‌లో, ఆవిడ ఒక గిన్నె తెప్పించారు. నగరంలో ధర్మాసుపత్రి రోగులకు పోసే సూపు అది. ఒక చెంచా తాగారు. కళ్ళు మూసుకున్నారు. చెంచా కింద పెట్టారు. తర్వాతి ఆదివారం ఆ కార్యక్రమం రాలేదు. ఆ తర్వాతి ఆదివారానికి ఆవిడ ప్రతిపక్షంలో ఉన్నారు.

చదువయ్యాక నేను ఖతర్ వచ్చాను. అప్పటికి రష్యాలో ఫుట్‌బాల్ కప్పు అయిపోయింది, ఇక్కడి కప్పు ఇంకా రావాలి. అక్కడ పని చేసిన సలహాదారులు కొందరు ఇక్కడికి వచ్చారు. వాళ్ళ రష్యన్‌ని ఇంగ్లీషులోకీ హిందీలోకీ మార్చడానికి మా కంపెనీ నన్ను పెట్టుకుంది. దుబాసీ ఉద్యోగమని ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అత్తయ్య ఊరంతా వాడు దుబాయ్‌లో ఉన్నాడని చెప్పింది. నేను దిద్దలేదు. మాట మారినా దిద్దకపోవడం బహుశా నాకు అక్కడే అలవాటైంది.

మేం కడుతున్నది స్టేడియం కాదు. అల్ రయ్యాన్ దాటాక, ఆటగాళ్ళు ప్రాక్టీసు చేసుకునే మైదానం, పక్కనే ఒక చిన్న భవనం. కూలీల క్యాంపు అల్ షహానియా దారిలో ఉండేది. కిటికీలోంచి పందెం ఒంటెలు కనిపించేవి. ఎండ ముదిరేసరికి వాటిని నీడకి తోలేవారు. ఆ వేళ మనుషులు కూడా నీడకి పోవాలని చట్టం ఉంది. మా సైటులో ఒంటెలు లేవు గనక ఆ చట్టం ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

మైదానం అప్పగించే పండుగకి వ్యాఖ్యాత కావాలన్నారు. సలహాదారులు లారిసా గారి పేరు చెప్పారు. సొంత దేశంలో ఏ చానెలూ ఆవిణ్ణి చూపించడం లేదు. ఇలాంటి సభలతో బతుకుతూ, ఇంటర్నెట్టులో తన సొంత చానెల్ నడుపుకుంటూ, నగర కౌన్సిల్ ఎన్నికలకి సిద్ధపడుతున్నారు. వస్తానన్నారు. సభకి కొన్ని రోజుల ముందే వచ్చి, క్యాంపు వంటిల్లు చూపించమన్నారు.

మా హెచ్చార్ మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. "ఓన్లీ సూప్. నో పాలిటిక్స్. అండర్‌స్టాండ్?" అన్నాడు. అర్థమైంది. నేను చదువుకున్నవాణ్ణి.

ఆ రోజు క్యాంపు మెస్సులో పప్పు ఎవరో పెళ్ళికి వండినట్టు వండారు. మెస్సులో ఒక వార రిబ్బను కట్టి, కూలీలను దాని వెనక నిలబెట్టారు. లారిసా గారు పప్పు రుచి చూశారు. చెంచా కింద పెట్టలేదు. హెచ్చార్ మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆవిడకి ఫోన్ వచ్చింది. చెవిలో పెట్టుకునే ఫోను, అందుకని చేతిలో ఏమీ కనబడదు. కూలీల వైపే చూస్తూ, తలూపుతూ, "దా... దా, దా..." అంటున్నారు.

రష్యన్‌లో దా అంటే అవును. ఈ సంగతి నాకు తెలుసు. రిబ్బను వెనక నిలబడ్డ గంగారాంకి తెలియదు. ఆయనది జగిత్యాల దగ్గర ఊరు. ఆ ఊళ్ళో దా అంటే దా. ఒక పెద్దావిడ తన కళ్ళలోకి చూసి, తలూపి, దా దా అని పిలుస్తుంటే మర్యాద తెలిసిన మనిషి ఎంతసేపు నిలబడతాడు? రిబ్బను కింద నుంచి దూరి వచ్చేశాడు.

"ఏయ్, కిధర్?" అని గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కండ్లు గనబడ్తలేవా? మేడమే పిలుస్తుంది!" అన్నాడు గంగారాం. గార్డుకి తెలుగు రాదు. కానీ ఆ గొంతులో ఎంత న్యాయం ఉందంటే చెయ్యి తీసేశాడు.

లారిసా గారు ఫోన్ ఆపి చెయ్యి చాచారు. గంగారాం ఆ చెయ్యి పట్టుకున్నాడు. వదలలేదు.

"అమ్మా, మా లింబాద్రి ఉన్నడు. తోడబుట్టినోడు గాదు, ఒక్క ఊరోళ్ళం. ఎండల పని జేసి జేసి గిరగిర తిరిగి పడ్డడు. దవాఖానల డాక్టరు ఈ పని ఇగ వద్దన్నడు. ఈళ్ళేమో మల్ల డ్యూటీకి ఎక్కిచ్చిండ్రు. ఇంటికి పంపుండ్రి అంటే మైదానం అప్పజెప్పినంక చూద్దమంటుండ్రు, పాస్‌పోర్టు ఆఫీసు బీరువల వెట్టిండ్రు. అప్పటిదాంక మనిషి ఉండొద్దా అమ్మా? నువ్వు టీవీల పెద్దమనిషివంట. నువ్వు ఒక్క మాటంటే ఈళ్ళింటరు. పంపియ్యుమని ఒక్క మాటను."

తర్వాత నా వైపు తిరిగాడు. "సార్, ఉన్నదున్నట్టు చెప్పు."

హెచ్చార్ మేనేజరు నా పక్కనే ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు, కానీ పాస్‌పోర్టు అన్న మాట అన్ని భాషల్లోనూ ఒకటే. నన్ను చూశాడు. ఆ చూపులో బెదిరింపు కూడా లేదు. గుర్తు చేయడం మాత్రమే ఉంది.

నేను లారిసా గారితో రష్యన్‌లో అన్నాను: "ఈయనకి మీ కార్యక్రమం అంటే ప్రాణమట. మీ సూపులు చాలా బాగుంటాయట."

"ఇంతసేపు మాట్లాడాడే?" అన్నారు ఆవిడ.

"మా భాష కొంచెం పొడుగండీ."

ఆవిడ పకపకా నవ్వి గంగారాం చెయ్యి రెండు చేతులతో ఊపారు. ఆ నవ్వు చూసి గంగారాం బిత్తరపోయాడు. "ఏమన్నది సార్?" అన్నాడు. "చూస్తానన్నారు," అన్నాను. అలా ఒక్క నిమిషంలో రెండు భాషల్లో అబద్ధం ఆడాను. రెండిటిలోనూ వ్యాకరణం శుభ్రంగా ఉంది.

భయమేనా? ఉద్యోగం పోతుందనా? పోతే ఇంకోటి వచ్చేది, నాకు వస్తుంది. ఆ మేనేజరు నన్ను మంచివాడు అనుకోవాలని నాకు ఉండేదేమో. లేకపోతే, టీవీలో చూసి చూసి ఆరాధించిన మనిషి ఎదురుగా నిలబడితే ఆవిడ నవ్వాలనే అనిపించిందేమో. మనిషి పడిపోయాడని చెబితే నవ్వరు కదా. కారణాలు వెతుక్కుంటూ పోతే నాకు ఇలాంటివి ఎన్నైనా దొరుకుతాయి. దొరికినకొద్దీ అవి నాకే అనుమానంగా కనిపిస్తాయి.

సభకి ముందురోజు లింబాద్రి మళ్ళీ పడ్డాడు. ఈసారి నిచ్చెన మీద నుంచి, మొహం కిందికి వచ్చేలా. పై వరసలో ముందరి పళ్ళు రెండు ఊడిపోయాయి.

ఆ కబురు నాకు గంగారామే చెప్పాడు, బస్సు దగ్గర. కోపంగా కూడా చెప్పలేదు. "మేడం చూస్తనన్నది గదా సార్, యాది మరిచినట్టున్నది. జర యాదిజెయ్యి," అన్నాడు. యాది మరవడానికి ముందు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. నేను తలూపాను.

సభ సాయంత్రం జరిగింది. మైదానం పక్కన పెద్ద గుడారం. ముందు వరసల్లో దేశవిదేశాల పెద్దలు, వెనక కూలీలు, వాళ్ళ చేతుల్లో జ్యూసు డబ్బాలు. లారిసా గారు వేదిక మీద. పక్కన మైకుతో నేను. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఫ్రెంచి నేర్చుకుని, ఇంక చాలని ఆగిపోయారట.

ప్రతిపక్షం మనిషి కదా, ఏం అంటారోనని కంపెనీ పెద్దలు బిగుసుకుని కూర్చున్నారు. ఆవిడ అన్నది ఇంతే: "మంచి మైదానం మంచి సూపు లాంటిది. తాగేవాళ్ళకి వండినవాళ్ళు కనబడరు. వండినవాళ్ళకి నా నమస్కారం."

నేను మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మంచి మైదానం మంచి సూపు లాంటిది. బాగుంది. తాగేవాళ్ళకి వండినవాళ్ళు కనబడరు. ఇదీ బాగుంది. అక్కడ ఆగవచ్చు. ఆగలేదు.

"వండినవాళ్ళలో లింబాద్రి అని ఒకతను ఉన్నాడు," అన్నాను. "ఎండలో పడిపోయాడు. డాక్టరు వద్దన్నా పని చేయించారు. నిన్న మళ్ళీ పడ్డాడు. అతన్ని రేపే ఇంటికి పంపమని మీ అందరి ముందూ కంపెనీని అడుగుతున్నాను." అదే మళ్ళీ హిందీలో, వెనక వరసల దాకా వినబడేలా చెప్పాను. గొంతు నాది. పేరు ఆవిడది.

వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి. ముందు వరసల్లో ఫోన్లు లేచాయి. వీడియో తీస్తున్నారు.

మా జీఎం లేచి నిలబడ్డాడు. "మేడం, దిస్ ఈజ్ రియల్లీ యువర్ రిక్వెస్ట్?" అన్నాడు.

నేను లారిసా గారి వైపు తిరిగి రష్యన్‌లో అడిగాను: "మీకు ఈ మైదానం నిజంగా నచ్చిందా అని అడుగుతున్నారు."

ఆవిడ చేతులు చాచి, నవ్వుతూ, మైకులో, గుడారం అదిరేలా అన్నారు: "దా! దా, దా!"

వెనక గంగారాం లేచాడు. "లే రా, పిలుస్తుంది," అన్నాడు లింబాద్రితో. భుజం కింద చెయ్యేసి లేపి నడిపించుకుంటూ వచ్చాడు. ఈసారి ఏ గార్డూ ఆపలేదు. ముందు వరసల సూట్లు కుర్చీలు జరిపి దారిచ్చాయి. లింబాద్రి పెదవి వాచి ఉంది. వేదిక ఎక్కి, ఏం చేయాలో తెలియక, రెండు చేతులూ జోడించి నవ్వాడు. ముందరి పళ్ళు లేవు. లారిసా గారు ఆ నోరు చూశారు. నవ్వు ఆపేశారు. ఏమీ అడగకుండా అతన్ని దగ్గరికి తీసుకున్నారు.

అన్ని ఫోన్ల ముందు జీఎం ఏం చేయగలడు? "ఆఫ్ కోర్స్," అన్నాడు. "టుమారో." చప్పట్లకి గుడారం గుడ్డ ఊగింది. నా జీవితంలో అంత గొప్ప సాయంత్రం మళ్ళీ రాలేదు. ఈ మాట ఇప్పటికీ సిగ్గు లేకుండానే చెబుతాను.

మర్నాడు పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికి వచ్చింది. లింబాద్రి ఊరు చేరాడు. దుబాయ్ నుంచి రష్యా ఆమె పంపిందని అక్కడ అందరికీ చెప్పుకుంటాడట. ఈ మూడు చోట్లకీ ఏం సంబంధమో ఊరివాళ్ళకి ఇంకా తేలలేదు.

కంపెనీ కారులో లారిసా గారితో విమానాశ్రయానికి నేనే వెళ్ళాను. దారిలో అడిగారు: "ఆ పళ్ళు లేని అతన్ని ఎందుకు పిలిచారు? నేను నిన్న ఏమన్నాను?"

చెప్పాను. వేదిక మీద నేను కలిపిన మాటలన్నీ చెప్పాను. ఆవిడ తొడ చరుచుకుని నవ్వారు. "నా మాటే అది. నాకు తెలిసి ఉంటే నేనే అనేదాన్ని. ఇక నుంచి అది నేనే అన్నాను, సరేనా?" అన్నారు. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

"కానీ ఆ మొదటి అతను," అన్నారు, "మెస్సులో నా చెయ్యి పట్టుకున్నాడే, అతని మనిషే కదా ఇతను? మరి నాకు ఎందుకు చెప్పలేదు? నా సూపు బాగుందని చెప్పి ఊరుకున్నాడు. పాపం, ఎంత భయపడి ఉంటాడో."

నేను డ్రైవర్‌తో, ఎడమవైపు పోనివ్వమన్నాను. అసలు దారి నేరుగానే ఉంది.

తర్వాత ఎన్నికలొచ్చాయి. ఆవిడ సభలు ఇంటర్నెట్టులో చూసేవాణ్ణి. ఒక ఊరేగింపులో, ట్రక్కు మీద నిలబడి, ఆవిడ అన్నారు: "దోహాలో ఒక మనిషిని చూశాను. తమ్ముడి లాంటివాడు చావు దాకా వెళ్ళొస్తే, నా చెయ్యి పట్టుకుని నా సూపు బాగుందన్నాడు. భయం మనిషి చేత అలా మాట్లాడిస్తుంది. మనం ఆ మనిషిలా బతకొద్దు!" జనం హోరెత్తిపోయారు. ప్రతి సభలోనూ ఆ మాట వచ్చేది. ప్రతిసారీ అక్కడే ఎక్కువ చప్పట్లు. ఆవిడ గెలిచారు. నేను ఒంటరిగా ఆఫీసు క్యాంటీన్లో చప్పట్లు కొట్టాను. కొడుతూ కొడుతూ ఆపాను.

రిబ్బను దాటి, గార్డుని దాటి వచ్చి, అందరి ముందూ నిలబడి అడిగినవాడు ఆ దేశానికి భయం పేరైపోయాడు. భయపడ్డవాడికి ఇక్కడ మన తెలుగువాళ్ళు ఉగాదికి శాలువా కప్పారు. రష్యా ఆమెకి కష్టం అర్థమయ్యేలా చెప్పిన ధైర్యవంతుడని మైకులో చెప్పారు. గంగారాం ఆ రోజు మొదటి వరసలో కూర్చుని ఈల వేశాడు. "ఆ దినం మెస్సుల నువ్వు సక్కగ చెప్పినవు గాబట్టే ఆమె యాది వెట్టుకున్నది సార్," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

సరిగ్గా ఏది చేయలేదో దానికే నాకు కృతజ్ఞత చెప్పాడు. ఆ రోజు నుంచి గొంతులో ఉన్నది అదే.

వచ్చే ఏడాది కప్పు. గంగారాం ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, అల్ ఖోర్ వైపు. పోయిన శుక్రవారం వెళ్ళాను. రూము బయట కుర్చీలో కూర్చుని, మెడకి దుప్పటి చుట్టుకుని, రూమువాడి చేత జుట్టు కత్తిరింపించుకుంటున్నాడు. పారిపోలేని మనిషి దొరికాడనుకుని నిలబడే చెప్పేశాను.

"గంగారాం, ఆ రోజు మెస్సులో నువ్వు చెప్పింది నేను ఆవిడకి చెప్పలేదు."

"మరేం చెప్పినవ్?"

"నీకు ఆవిడ సూపు ఇష్టమని."

కత్తెర ఆగింది. "సూపా? నేనెన్నడన్న సూపు తాగిన్నా?" అన్నాడు. తర్వాత, "మరి స్టేజీ మీద ఎట్ల చెప్పింది?"

"ఆవిడ చెప్పలేదు. ఆవిడ పేరు పెట్టి నేనే అన్నాను."

ఆలోచించాడు. "అది మంచిగనే జేసినవ్," అన్నాడు. ఇంకా ఆలోచించాడు. "మెస్సుల చెప్పిన్నాటికి లింబాద్రి పండ్లు ఉండె సార్."

మిగతాది కూడా చెప్పాను. రష్యాలో ఆయన్ని ఏమనుకుంటున్నారో చెప్పాను. అప్పుడు లేచాడు, సగం కత్తిరించిన తలతో, దుప్పటితో.

"నేను భయపడ్డనా? గంత మంది ముంగట గట్లన్నదా? ఫోన్ జెయ్. ఇప్పుడే. నా ముంగటనే చెప్పు."

చేశాను. ఆవిడ ఎత్తలేదు. వాయిస్ మెసేజ్ పెట్టాను. రష్యన్‌లో, ఆయన మాటలు వరసగా చెప్పాను. లింబాద్రి, ఎండ, డాక్టరు, బీరువా. మనిషి ఉండొద్దా అన్న ప్రశ్న. అవి ఆయన అన్నవని, దాచింది నేనని చెప్పాను. గంగారాం ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళార్పకుండా నా నోటినే చూస్తున్నాడు. ఆవిడ విన్నారు. ఫోనులో గుర్తు కనిపించింది. ఇది రాసేవరకు జవాబు రాలేదు.

గంగారాం మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

"ఆమెకు చెప్పినవ్. మరి ఈడ మనోళ్ళకు ఎవలు చెప్తరు?"

"రాస్తాను."

"రాయి. నా పేరు వెట్టు. నీ పేరు వెట్టుడు నీ ఇష్టం."

రాశాను. అన్నం, నీళ్ళు దిగుతున్నాయి, గొంతులోని మాట కూడా పైకి వచ్చింది. నా పేరు పెట్టలేదని మీరు గమనించే ఉంటారు. ఆ ధైర్యం ఇంకా రాలేదు. ఆయన పేరు మాత్రం ఇంగ్లీషువాళ్ళలా పెద్ద అక్షరాల్లో రాయాలని ఉంది. మనకి పెద్ద అక్షరాలు లేవు. అందుకని ఇంకోసారి రాస్తున్నాను.

గంగారాం. గంగారాం భయపడలేదు.